భయం బుట్ట

అనగనగా ఒక అడవి. అడవి నిండా సీతాఫలం చెట్లే. అంత పండే చోట అందరూ హాయిగా ఉండాలి కదా పిల్లలూ? కానీ ఆ అడవిలో ఎవరికీ హాయి లేదు. పండ్లు ఎక్కడ తక్కువవుతాయోనని అందరికీ ఒకటే భయం. ఆ భయం కథే ఇది. కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి.

అడవి దిగువన, వాగు రేవు దగ్గర, భూమన్న అనే ఎలుగుబంటి పండ్ల దుకాణం నడిపేవాడు. నీళ్లకు వచ్చిన జంతువులు అక్కడ ఆగి, ఇంత తేనెపట్టో నాలుగు దుంపలో ఇచ్చి పండ్లు తీసుకునేవి. దుకాణానికి పండ్లు మోసేవాడు మల్లప్ప అనే దుప్పి. మాగినవీ మాగనివీ ఏరి, అడ్డాకులు పరిచిన బుట్టల్లో సర్దేది వరాలు అనే ఉడుత. కొండ మీద చెట్లెక్కి కాయలు కోసేవాడు ఈరన్న అనే కోతి.

వాళ్ల పద్ధతి ఒకటుంది, జాగ్రత్తగా వినండి. రోజూ పొద్దున్నే, ఎన్ని బుట్టలు కావాలో కబురు కిందినుంచి పైకి వచ్చేది. దుకాణంలో రోజుకు అమ్ముడుపోయేవి నాలుగు బుట్టలే. అయినా భూమన్న, "ఎందుకైనా మంచిది" అనుకుని మల్లప్పకు అయిదు చెప్పేవాడు. మల్లప్ప, "ఎందుకైనా మంచిది" అనుకుని వరాలుకు ఆరు చెప్పేవాడు. వరాలు కూడా "ఎందుకైనా మంచిది" అనుకుని ఈరన్నకు ఏడు చెప్పేది. ఈరన్న తక్కువ తిన్నాడా? ఎనిమిది కోసేవాడు!

ఇలా ఒక్కొక్కరూ కలుపుకునే బుట్టకు వాళ్లే ఒక పేరు పెట్టుకున్నారు. భయం బుట్ట. భయం పేరు మీద ఎన్ని బుట్టలు కోసినా, భయం ఒక్క పండూ తినదు కదా. అవన్నీ అలాగే మిగిలిపోయేవి.

అసలు ఎందుకంత భయం? వెనకటికి ఎప్పుడో ఒకరోజు దుకాణంలో పండ్లు చాల్లేదట. అప్పటి ఎలుగు షావుకారుకు, అంటే భూమన్న తాతకు, కోపం వచ్చి, ఉడుతలు ఉండే చెట్టును వేళ్లతో సహా పెకిలించేశాడట. ఇప్పుడున్న వాళ్లెవరూ అది కళ్లారా చూడలేదు. కానీ వరాలు పుట్టిన దగ్గర్నుంచీ ఆ మాట వింటూనే పెరిగింది. పొద్దున్నే మల్లప్ప గిట్టల చప్పుడు వినబడితే చాలు, ఆమె తోక బిగుసుకుపోయేది.

మరి మిగిలిన పండ్ల సంగతి? సీతాఫలం ఇవాళ మాగితే రేపటికి పట్టుకుంటే చితికిపోతుంది. తొక్క మీది కళ్లు విచ్చకముందే కోసిన కాయ మాగనే మాగదు, నల్లబడి గట్టిపడిపోతుంది. బుట్టలు నింపాలనే కంగారులో ఈరన్న కళ్లు విచ్చని కాయలు కూడా తెంపేసేవాడు. చివరికి ఎవరి భయం బుట్టను వాళ్లు తెచ్చి, దారి పక్కన ఉన్న గుంటలో కుమ్మరించేవాళ్లు.

ఆ గుంట ఒడ్డునే ఒక ముసలి ఇప్పచెట్టు. ఆ చెట్టు తొర్రలోనే వరాలు ఇల్లు. తొర్రలో ముగ్గురు పిల్లలు, ఇంకా కళ్లు తెరవని పసిగుడ్లు.

కుళ్లు వాసనకు ముందు ఈగలు వచ్చాయి. ఈగల వెనకే ఎలుకలు వచ్చాయి. ఎలుకలు చేరిన చోటికి ఆ తర్వాత ఎవరు వస్తారో మీకు తెలుసు. తెలిసినా పైకి అనకండి. వరాలు కూడా ఆ పేరు పైకి అనేది కాదు.

ఒకరోజు వరాలు చెట్టు దిగి వస్తుంటే, మాను మొదట్లో తెల్లగా ఏదో కనిపించింది. దగ్గరికి వెళ్లి చూసింది. కుబుసం! పలచగా, బారు పొడవున, బెరడును చుట్టుకుని ఉంది.  వరాలు పరుగున వెళ్లి మల్లప్పకు అడ్డం పడింది.

"మల్లప్ప మామా, ఈ గుంటలో పండ్లు పోయొద్దు. నా చెట్టు మొదట్లో కుబుసం ఉంది. ఇంట్లో పసిపిల్లలున్నారు మామా!"

మల్లప్ప మెడ చాచి చూశాడు. చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"అమ్మో! నిజమేనే తల్లీ. కానీ నేను బుట్ట తగ్గించాననుకో, దారిలో ఇంకో బుట్ట ఒలికిపోయిందనుకో, భూమన్నకు నా మొహం ఎలా చూపించను? ముందు నువ్వు మానెయ్. తర్వాత నేను మానేస్తా."

వరాలు కొండ ఎక్కి ఈరన్నను బతిమాలింది. ఈరన్న కొమ్మ మీంచి దిగనైనా దిగలేదు.

"నీ భయం నీది, నా భయం నాది వరాలూ. కింది వాళ్లను మానమను, చిటికెలో మానేస్తాను."

సరే, నేనైనా మానేద్దాం అనుకుంది వరాలు. మర్నాడు పొద్దున ఈరన్నకు కబురు చెప్పడానికి నోరు తెరిచింది. మనసులో ఆరు అనుకుంది. పెకిలించిన చెట్టు కళ్ల ముందు కదిలింది. నోటి వెంట ఏడు అని వచ్చింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, పై కొమ్మ తొర్రలో ఉండే గోరువంక గొంతు వినబడలేదు. పొద్దస్తమానం కలకలలాడే పక్షి. వరాలు పైకి వెళ్లి తొంగి చూసింది. గూడు ఖాళీ. పిల్లలు లేవు, తల్లి లేదు. రెండు ఈకలు మాత్రం గూట్లో అతుక్కుని ఉన్నాయి. 

ఇక ఇక్కడ ఉండకూడదనుకుంది వరాలు. కొండ మీద మద్దిచెట్టుకు మంచి తొర్ర ఉంది. పొద్దున్నే ఒక్కొక్క పిల్లనూ నోట కరుచుకుని అక్కడికి చేర్చేయాలనుకుంది.

తెల్లవారింది. వరాలు మొదటి పిల్లను మెడ దగ్గర మెత్తగా కరుచుకుంది. సరిగ్గా అప్పుడే కింద గిట్టల చప్పుడైంది.

"ఆరు బుట్టలమ్మా వరాలూ! త్వరగా!"

వరాలు తోక బిగుసుకుపోయింది. ఇప్పుడు వెళ్తే బుట్టలు ఆలస్యమవుతాయి. ఆలస్యమైతే షావుకారు ఊరుకుంటాడా? ఈ ఒక్క పూట సర్దేసి వెళ్దాం అనుకుంది. పిల్లను మళ్లీ ఆకుల్లో పడుకోబెట్టి, చెట్టు దిగింది.

ఆరు బుట్టలూ సర్ది పంపేసింది. ఇంటికి పరిగెత్తాల్సింది కదా? కానీ భయం బుట్ట మిగిలింది. దాన్ని అలా వదిలేస్తే, పని చెడగొట్టావంటారని ఇంకో భయం. పండ్లు దొర్లించుకుంటూ గుంట దాకా తీసుకెళ్లి కుమ్మరించింది.

పండ్లు దబదబా పడ్డాయి. ఒక్క ఎలుకా కిచకిచమనలేదు. గుంటలో ఏ కదలికా లేదు.

వరాలు మెల్లగా తలెత్తి చూసింది. ఇప్పచెట్టు మాను మీద జెర్రిపోతు పాకుతోంది. తోక ఇంకా నేల మీదే ఉంది. తల తొర్రకు జానెడు దూరంలో ఉంది.

అప్పుడు వరాలు ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలియదు. మానుకు అవతలి వైపునుంచి ఎక్కి, తొర్రలో దూరి, ఒక పిల్లను కరుచుకుని పక్క చెట్టు కొమ్మ మీదకు దూకింది. పిల్లను పంగలో పెట్టి వెనక్కి వచ్చింది. పాము ముక్కు కిందినుంచే రెండో పిల్లను లాక్కుపోయింది. మూడోసారి వచ్చింది. అప్పటికి తొర్ర నిండా పామే ఉంది.

ఆ రోజు బుట్ట ఒకటి ఎక్కువైంది. వరాలుకు పిల్ల ఒకటి తక్కువైంది.

మర్నాడు మల్లప్ప, వరాలు మిగిలిన ఇద్దరు పిల్లలతో చేరిన మద్దిచెట్టు కింద నిలబడి, గొంతు తగ్గించి పిలిచాడు. "ఆరు బుట్టలమ్మా..."

వరాలు కళ్లు ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉన్నాయి. "భూమన్న నీకు చెప్పింది ఎన్ని మామా?"

మల్లప్ప తల దించుకున్నాడు. "అయిదు."

"ఆయన అమ్మేది ఎన్ని?"

"ఏమో తల్లీ. నేనెప్పుడూ అడగలేదు."

"పద. ఇవాళ అడుగుదాం."

పిల్లల్ని ఆకుల్లో పొదిగి, ఈరన్న పెళ్లాన్ని కాపలా ఉంచి, వరాలు మల్లప్ప కొమ్ముల మధ్య కూర్చుంది. కొమ్మల మీద ఈరన్న కూడా వెంట వచ్చాడు.  వరాలు ధైర్యం వచ్చి వెళ్తోందనుకోకండి. భయం పోలేదు. భయపడుతూనే వెళ్లింది.

దుకాణం ముందు భూమన్న లేచి నిలబడ్డాడు. ఆయన నీడ ముగ్గురి మీదా పడింది.

"ఏంటి, బుట్టలేవి?"

"షావుకారుగారూ," అంది వరాలు. మాట తడబడింది. "మీకు నిజంగా ఎన్ని బుట్టలు కావాలి? మేం ఎక్కువ కోసినవి గుంటలో కుళ్లాయి. కుళ్లుకు ఎలుకలొచ్చాయి. ఎలుకల కోసం పామొచ్చింది. నా బిడ్డను తినేసింది. మీరు నా చెట్టు పెకిలిస్తే పెకిలించండి. నిజం చెప్పండి."

 భూమన్న అక్కడే కూలబడ్డాడు.

"నాలుగే తల్లీ," అన్నాడు.

"మరి అయిదెందుకు చెప్తున్నారు?"

భూమన్న వాగు అవతలి తుంగ వైపు చూసి, గొంతు బాగా తగ్గించాడు. "అడవిపందులు. గుంపుగా వస్తాయి. పండ్లు లేవన్నామంటే దుకాణంతో సహా తొక్కేస్తాయని మా నాన్న చెప్పేవాడు. నాకు భయం వరాలూ."

"నీకూ భయమేనా!" అన్నాడు ఈరన్న, నోరు తెరిచి.

"మరి మా చెట్టును పెకిలించింది మీ తాతగారు కాదా?" అంది వరాలు.

"మా తాతా? నడుం నొప్పితో చెదపుట్ట తవ్వడానికే ఆయాసపడేవాడు. చెట్టేం పెకిలిస్తాడు!"

నలుగురూ మొహమొహాలు చూసుకున్నారు. మర్నాటినుంచి నాలుగే కోద్దామని, ఎవరూ ఏమీ కలపొద్దని మాటనుకున్నారు. అనుకున్నారు గానీ, ఎవరికీ భయం పోలేదు.

మర్నాడు నాలుగే బుట్టలు వచ్చాయి. ఎండ దిగకముందే చివరి పండు కూడా అమ్ముడుపోయింది. భూమన్న ఖాళీ బుట్టల వెనక ఒదిగి కూర్చున్నాడు. మల్లప్ప పారిపోవడానికి ఒక కాలు ఎత్తి పెట్టుకున్నాడు. వరాలు దుకాణం దూలం మీద ఊపిరి బిగబట్టి కూర్చుంది.

అవతల తుంగ కదిలింది. పందుల గుంపు వాగు దాటింది. ముందు నడుస్తున్న ముసలి పంది కోరలు నేలకు ఆనుతున్నాయి. అది దుకాణం ముందుకు వచ్చి ఆగింది.

"సీతాఫలాలున్నాయా?"

"అయి... అయిపోయాయండీ," అన్నాడు భూమన్న.

పంది గుర్రుమంది. అందరూ కళ్లు మూసుకున్నారు.

"అయిపోయాయా? సరేలే. రేపు వస్తాం. రెండు మంచివి పక్కన పెట్టు."

అంతే. పందులు నీళ్లు తాగి, తోకలు ఊపుకుంటూ వెళ్లిపోయాయి.

ఈరన్న పగలబడి నవ్వాడు. మల్లప్ప కాలు దించి, "అయితే రేపటికి అయిదు బుట్టలు చెప్పనా?" అన్నాడు. "రెండు పండ్లు మల్లప్పా, బుట్ట కాదు," అన్నాడు భూమన్న. వరాలు నవ్వలేదు. "ఈ మాట కోసమా? 'అయిపోయాయి' అనే ఒక్క మాటకు భయపడా నా బిడ్డను పోగొట్టుకున్నాను?" అని దూలాన్ని కరుచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమె ఏడుస్తుంటే ఈరన్న నవ్వు ఆగిపోయింది.

ఆ తర్వాత గుంట ఎండిపోయింది. ఈగలు పోయాయి, ఎలుకలు పోయాయి, వాటి వెనకే జెర్రిపోతూ పోయింది. కొండ మీద కాయలు నిదానంగా కళ్లు విచ్చుకున్నాయి. మద్దిచెట్టు తొర్రలో ఇద్దరు పిల్లలూ కళ్లు తెరిచారు. రోజూ పొద్దున కబురు రాగానే వరాలు, "నిజంగా ఎన్ని మామా?" అని అడుగుతుంది. అడిగినన్నే చెప్తుంది, ఒక్క బుట్ట కూడా కలపదు. తొర్రలో ఆకులు మాత్రం ఇప్పటికీ ముగ్గురికి సరిపడా పరుస్తుంది.

నీతి: నిజంగా ఎంత కావాలో అడిగి తెలుసుకోకుండా, భయంతో ఎక్కువ పోగుచేస్తే, ఆ వృథా అంతా ఎవరో ఒకరి ఇంటి ముందు కుప్పపడుతుంది.