సింగారమ్మ కప్పేసిన గుమ్మడి పాదు

నల్లకొండ కింద ఒక మోదుగుల అడవి ఉండేది. ఆ అడవిలో ఉడుతలు, కుందేళ్ళు, అడవికోళ్ళు, ముళ్ళపందులు కలిసిమెలిసి బతికేవి. ఒక్క ముళ్ళపంది సింగారమ్మకు మాత్రం ఎవరిమీదా నమ్మకం లేదు.

ఆ ఏడు తొలకరికి సింగారమ్మ తన బొరియ ముందు గుమ్మడి పాదు పెట్టింది. వానలకు తీగ ఎంత ముద్దుగా సాగిందనుకున్నారు! పొద్దున్నే పసుపు పువ్వులు విచ్చుకుంటే, ఎండ ముందుగా అక్కడికే వచ్చి కూర్చున్నట్టు ఉండేది. కొన్ని పువ్వుల కింద గోలీలంత పిందెలు కూడా. ఎండాకాలంలో ఆ అడవిలో దుంపలు దొరకవు. ఆ కాయలు దాచుకుంటేనే సింగారమ్మ పిల్లలకు తిండి.

ఒకరోజు ఉడుత చంటోడు చెట్టు మీంచి వేలు చాపాడు. "అత్తోయ్, అదుగో పిందె! అదుగో ఇంకోటి!"

సింగారమ్మ గుండె గుభేలుమంది. వేలు పెట్టి చూపిస్తే పిందె కుళ్ళిపోతుందని వాళ్ళమ్మ చెప్పేది.

"దించరా వేలు! నీ కళ్ళు కాకులు పొడవ!"

"చూస్తే అరిగిపోతాయా అత్తా?" అంటూ వాడు తుర్రుమన్నాడు.

మర్నాడు ఒక పిందె రాలింది. ఇంకేముంది! సింగారమ్మ కంపలు పాతి, టేకాకులు కుట్టి, చీమ దూరే సందు లేకుండా పాదంతా కప్పేసింది.

తెల్లారి తేనెటీగలు వచ్చి ఆ ఆకుల చుట్టూ జుమ్మని తిరిగాయి. "దారెటమ్మా?"

"ఎవరు పంపారు మిమ్మల్ని? లోపల ఎన్ని కాశాయో చూసి రమ్మన్నారా?" అని తోకతో తరిమేసింది.

పక్కనే కుందేలు బుల్లెమ్మ పాదు ఉంది. "వదినా, ఆ కప్పు తియ్యి. నా పాదును దారిన పోయేవాళ్ళంతా చూస్తున్నారు. కాయలు ఊరుతూనే ఉన్నాయి" అంది.

"చెప్పొచ్చావులే. నావన్నీ రాలిపోతే నువ్వేగా గొప్పదానివి!"

కప్పు కింద పిందెలు రోజూ రాలుతూనే ఉన్నాయి. సింగారమ్మ పాదు చుట్టూ కాపలా తిరిగింది. అడవికోడి దగ్గితే అనుమానం. గాలికి ఆకు కదిలితే అనుమానం. ఆఖరికి సొంత పిల్లల్ని కూడా పాదు వైపు చూడకుండా మొహాలు అటు తిప్పి కూర్చోబెట్టింది.

ఇక ఉండబట్టలేక ఒక ముసలి తేనెటీగను నిలదీసింది. "నిజం చెప్పు. నా పిందెల్ని వేలు పెట్టి చూపిస్తున్నది ఎవరు?"

"ఎవరూ కాదు తల్లీ. మేం ఆ పువ్వు మీంచి ఈ పువ్వు మీదికి పుప్పొడి మోస్తేనే పిందె నిలుస్తుంది. నువ్వు మమ్మల్ని రానిచ్చావా?"

సింగారమ్మ గబగబా కప్పు పీకేసింది. తీగ పండుబారిపోయింది. పువ్వుల కాలం దాటిపోయింది. ఒక్క కాయ లేదు.

ఎండలు ముదిరాయి. బుల్లెమ్మ బొరియ నిండా గుమ్మడికాయలే. వాటిలో ఒకటి దొర్లించుకుంటూ తెచ్చి సింగారమ్మ గుమ్మంలో పెట్టింది.

సింగారమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. వాసన చూసింది. "ఊరికే ఎందుకిస్తున్నావు?"

"నీ పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే నాకు ముద్ద దిగట్లేదు వదినా, అందుకు."

సింగారమ్మ తల వంచుకుంది. పిల్లలు కాయ దగ్గరికి వచ్చి, మొహాలు అటు తిప్పుకుని నిలబడ్డారు. అందరికంటే చిన్నది మెల్లగా అడిగింది.

"అమ్మా, దీన్ని చూడొచ్చా?"

నీతి: అందరినీ అనుమానించి తలుపు మూసుకుంటే, మేలు చేసేవాళ్ళు కూడా బయటే ఉండిపోతారు.