సముద్రానికి వెళ్ళిన బూరె

అనగనగా ఒక అడవి అని మొదలుపెడదామంటే, ఈ కథ జరిగిన చోట అడవి లేదు, రెండు వేపచెట్లే ఉన్నాయి. కాబట్టి అడవి మాట వదిలేసి బుద్ధిగా వినండి. అదొక మెట్ట ఊరు. ఆ ఊళ్ళో గురవయ్య అనే ఆయన అట్లబండి నడిపేవాడు. ఆయన భార్య అంకమ్మ, కూతురు వకుళ, వాళ్ళింట్లో ఒక కుక్క, ఒక పిల్లి. కుక్క గుండ్రంగా, ఎర్రగా కాలినట్టుండేది. అందుకని వకుళ వాడికి బూరె అని పేరు పెట్టింది.

బూరె మంచివాడే. దొంగను చూస్తే మొరిగేవాడు, చుట్టాన్ని చూస్తే తోక ఊపేవాడు. కానీ వాడికో జబ్బుంది. ప్రతిదానికీ అనుమానం. పాలు పోస్తే ఎందుకు పోశారని అనుమానం, పొయ్యకపోతే ఎందుకు పొయ్యలేదని అనుమానం. ఆ జబ్బుకు మందు వెయ్యాల్సిన పిల్లి ఆజ్యం పోసేది. దాని పేరు చుక్కమ్మ.

అట్లబండికి సెలవంటూ ఉండదు. అలాంటిది ఒక వేసవిలో గురవయ్య ఒక్కరోజు బండి మూసేసి, అందరినీ సముద్రానికి తీసుకెళ్తానన్నాడు. వకుళ పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడలేదు. ఆ పిల్ల సంతోషం పట్టలేక, బూరె రాకపోతే నేనూ రానని మొండికేసింది. సరే, వాడినీ తీసుకెళ్దామన్నారు.

బయల్దేరే రోజు పొద్దున్నే బూరెకు తలంటిపోశారు. అద్దె ఆటోకు కొబ్బరికాయ కొట్టి, బంతిపూల దండ వేశారు. మిగిలిన దండ వకుళ బూరె మెళ్ళో వేసింది. అంకమ్మ అందరికీ బొట్టు పెడుతూ వాడి నుదుటా ఇంత పెట్టి, నోట్లో బెల్లం ముక్క పెట్టింది. అరుగు మీద కూర్చున్న చుక్కమ్మ ఇదంతా చూసింది.

"నాకెందుకులే గానీ తమ్ముడూ, బొట్టు పెట్టి, దండ వేసి, తీపి తినిపించి, బండెక్కించి నీళ్ళ దగ్గరికి ఎవరిని తీసుకెళ్తారో నీకు గుర్తులేదా?" అంది.

బూరెకు గుర్తు లేకేం? వినాయకుడు. నిరుడు ఆయన్ని ఇంటికి తెచ్చి ఎంత ముద్దు చేశారు. బొట్టు, దండ, ఉండ్రాళ్ళు. తర్వాత ఆటో ఎక్కించి, డప్పులు కొట్టుకుంటూ కాలవకు తీసుకెళ్ళి నీళ్ళలో ముంచేశారు. ఖాళీ పీట చంకన పెట్టుకుని ఇంటికొచ్చి, ఏమీ జరగనట్టు అన్నాలు తిన్నారు. ఆ రోజు బూరె ఆ పీటను ఎంతసేపు వాసన చూశాడో వాడికే తెలుసు. పండగ సంగతి కుక్కకు ఎవరు చెబుతారు?

"అతి వినయం ధూర్త లక్షణం" అని చుక్కమ్మ మూతి తుడుచుకుంది. బూరె పోతే వాడి వాటా పాలు ఎవరివో మీరే ఆలోచించుకోండి.

దారి పొడుగునా బూరెకు అనుమానాలే. వకుళ ఒళ్ళో పడుకోబెట్టుకుంటే, పారిపోకుండా పట్టుకుందనుకున్నాడు. అంకమ్మ పులిహోర గిన్నె వాడికి అందకుండా పైన పెడితే, పోయేవాడికి ఎందుకులే అని పెట్టిందనుకున్నాడు. ఎక్కడా ఆగకుండా పోతుంటే, నా పని త్వరగా ముగించాలని వీళ్ళకెంత తొందరో అనుకున్నాడు.

సముద్రం వచ్చింది. ఊళ్ళో కాలవ దీని ముందు చెంబెడు నీళ్ళు. గురవయ్య బూరె మెడకున్న తాడు విప్పి, ఇక్కడ కట్టెయ్యడం ఎందుకు, హాయిగా ఆడుకోనీ అన్నాడు. ఇంట్లో ఏనాడూ విప్పని తాడు ఇక్కడెందుకు విప్పాడని బూరెకు అనుమానమొచ్చింది. ఇంతలో వకుళ నవ్వుతూ, ఇద్దరం కలిసి కాళ్ళు తడుపుకుందాం రా అని వాడి ముందుకాళ్ళు పట్టుకుని నీళ్ళవైపు లాగింది. అంతే. బూరె విదిలించుకుని ఒకటే పరుగు.

పరిగెత్తి పరిగెత్తి, పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే గుర్రం దగ్గర ఆగాడు. మావాళ్ళు నన్ను నీళ్ళలో ముంచి ఇక్కడే వదిలేసి పోతారా అని అడిగాడు. గుర్రం అలిసిపోయి ఉంది. ఇక్కడికి వచ్చినవాళ్ళంతా చీకటిపడితే వెళ్ళిపోతారని మాత్రం చెప్పింది. బూరె దాన్ని తన అనుమానానికి సాక్ష్యంగా లెక్కేసుకున్నాడు. తర్వాత ఒక పీత కనబడితే దాన్నీ అడిగాడు. నీడ పడితే బొరియలో దూరతాను, అది ఎవరి నీడో అడగను, అందుకే బతికున్నాను అంది పీత. ఆ మాట వాడికి బాగా నచ్చింది. కొంచెం దూరంలో తిరగేసిన పాత పడవ కింద దూరాడు.

అక్కడ ఒక ముసలి కుక్క పడుకుని ఉంది. జాలర్లు దాన్ని గంగవ్వ అంటారు. బూరె రొప్పుతూ తన గోడంతా చెప్పుకున్నాడు. గంగవ్వ కాస్త జరిగి చోటిచ్చింది.

బయట పిలుపులు మొదలయ్యాయి. గురవయ్య మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడను అడిగాడు, గుర్రాలవాళ్ళను అడిగాడు, ఈ చివర నుంచి ఆ చివరదాకా తిరిగాడు. నలుగురూ చూడాలని నటిస్తున్నాడన్నాడు బూరె. అంకమ్మ పులిహోర గిన్నె మూత తీసి, వాసనకైనా వస్తాడేమోనని పట్టుకుని తిరిగింది. ఎర వేస్తోందన్నాడు. ఎండ తగ్గింది. వకుళ బూరే, బూరే అని అరిచి అరిచి గొంతు బొంగురుపోయి, చివరికి గాలి తప్ప మాట రావడం లేదు. ఎంత బాగా ఏడుస్తోందో చూశావా అవ్వా, అన్నాడు వాడు.

అప్పుడు గంగవ్వ లేచి కూర్చుంది.

"నన్నూ బండిలోనే తెచ్చారు నాయనా. బిస్కెట్టు దూరంగా విసిరారు. అది నోట కరుచుకుని తిరిగి చూసేసరికి బండి లేదు. వదిలించుకునేవాళ్ళు పేరు పెట్టి పిలవరు. పిలిస్తే కుక్క వచ్చేస్తుందని వాళ్ళకు తెలుసు. నన్ను ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి పిలిచి ఉంటే చాలు, ఎక్కడున్నా పరిగెత్తుకెళ్ళేదాన్ని. ఇంత పిలుపు పెట్టుకుని నువ్వు నా పక్కన కూర్చుంటావా?"

బూరెకు ఒళ్ళంతా సిగ్గయిపోయింది. పడవ కింద నుంచి బయటికొచ్చాడు. వకుళ ఇసుకలో కూలబడి ఉంది. వాడు వెళ్ళి ఆమె పాదాల మీద తల పెట్టాడు. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. తిట్టడానికి గొంతు లేదు కూడా. వాణ్ణి గట్టిగా వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. గురవయ్య వాడి వీపు మీద ఇసుక దులిపాడు. అంకమ్మ ముక్కు చీదుకుంది. అప్పటికే పొద్దుపోయింది. ఆటో అబ్బాయి తొందరపెడుతున్నాడు. పులిహోర గిన్నె దించినది దించినట్టే ఎక్కించారు. గంగవ్వకు ఒక పెద్ద ముద్ద పెట్టించే దాకా మాత్రం బూరె ఆటో ఎక్కలేదు.

మర్నాడు అట్లబండి తెరిచారు. అట్లు తినడానికి వచ్చినవాళ్ళంతా వకుళను పట్టుకుని, ఏమే, సముద్రం ఎలా ఉంది, అలలు ఎంతెత్తున ఉన్నాయి, స్నానం చేశావా అని అడిగారు. బూరె బండి కింద పడుకుని వింటున్నాడు.

ముందురోజు పొద్దుగూకేదాకా వకుళ బూరెను వెతుకుతూ పడవల వైపు, తోటల వైపు, రోడ్డు వైపే చూసింది. సముద్రం ఎప్పుడూ వీపు వెనకాలే ఉంది.

"సరిగ్గా చూళ్ళేదు. కాళ్ళు కూడా తడుపుకోలేదు" అంది బొంగురు గొంతుతో. తర్వాత సంతోషంగా నవ్వింది. "కానీ మా బూరె దొరికాడు."

ఆ పిల్ల తనను ఒక్క దెబ్బ కొట్టినా బాగుండేదని బూరె అనుకున్నాడు. ఆ రోజు వాడు అట్టు ముక్క ముట్టలేదు.

నీతి: అనుమానంతో చూసే కంటికి ప్రేమ కూడా కుట్రలాగే కనిపిస్తుంది, మనవాళ్ళ మీద అనుమానం వస్తే దాక్కోకండి, పిలిచినప్పుడు వెళ్ళండి.