డబ్బాలు లేని తేదీ

త్రిపురాంబగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ జవాబు చెప్పరు, పని చెబుతారు. కాకినాడలో వంటింటి డబ్బాలు ఇల్లిల్లూ తిరిగి అమ్మే ఆడవాళ్ళలో చాలామందికి ఆవిడే గురువు. అందరూ పిన్నిగారనే పిలుస్తారు. ఆవిడ చెప్పిన పని చేసి తిరిగొచ్చేసరికి, అసలెందుకు అడిగామా అనిపిస్తుందని వాళ్ళలో వాళ్ళు నవ్వుకుంటారు.

ఆ రోజు వచ్చిన హైమవతికి మాత్రం నవ్వు రాలేదు. భర్త పోయాక ఖాళీ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక, నలుగురిలో ఉండొచ్చని ఈ పనిలోకి దిగిన మనిషి ఆవిడ. సేవా సంస్థల్లో అమ్మకాలు పెట్టించడంలో ఊళ్ళో ఆవిడని మించినవాళ్ళు లేరు. బధిరుల పాఠశాల కానీ, వృద్ధాశ్రమం కానీ, ఆ సంస్థవాళ్ళు ఒకరోజు తమకు తెలిసినవాళ్ళందర్నీ పిలుస్తారు. హైమవతి అక్కడ బల్ల వేసి డబ్బాలు అమ్ముతుంది. వచ్చినదాంట్లో కొంత వాటా సంస్థకి వెళుతుంది. అన్నిటికన్నా కష్టం, వాళ్ళ చేత ఫలానా రోజని తేదీ ఒప్పించడం. తేదీ లేకుండా హైమవతి ఏ గడపా దిగదని పేరు.

“పిన్నిగారూ, అమ్మకం రోజున అక్కా అక్కా అని చుట్టూ మూగుతారు. సాయంత్రానికి బల్ల మీద గుడ్డ నేనొక్కదాన్నే మడతపెట్టుకుంటాను. మర్నాటి నుంచి ఒక్క ఫోనుండదు. వాళ్ళ మంచికే కదా నేను తిరిగేది! ఇంతమంది తెలిసుండీ నాకెవ్వరూ లేరేం?” అంది.

త్రిపురాంబగారు మజ్జిగ గ్లాసు ఆవిడ చేతికిచ్చారు. “ఈ వారంలో నాకో తేదీ పట్టుకురా. డబ్బాలు లేకుండా. ఎవరింటికైనా సరే, ఊరికే వెళ్ళి కూర్చుని రావాలి.”

ఓస్, ఇంతేనా అనుకుంది హైమవతి.

ఇంటికెళ్ళి ముందు పాఠశాల కార్యదర్శికి ఫోన్ చేసింది. “పిల్లలకి పరీక్షలండీ, ఇప్పుడు సేల్ పెట్టలేం” అన్నాడాయన, ఇంకా ఏమీ అడగకముందే. సేల్ కాదండీ, ఊరికే వస్తానంది. “ఊరికేనా? ఎందుకండీ?” ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు, పాపం. పరీక్షలయ్యాక చేస్తానని ఆవిడే ఫోను పెట్టేసింది. వరసకి వదినయ్యే ఒకావిడ, మీ అన్నయ్యని అడిగి చెబుతానని పెట్టేసింది. ఇక మిగిలింది మల్లీశ్వరి.

మల్లీశ్వరి హాస్టల్లో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు. ఇప్పుడు వీధికుక్కలకి ఆశ్రయం నడుపుతోంది. పోయిన ఏడాది వాళ్ళమ్మ పోతే హైమవతి పరామర్శకి వెళ్ళింది. చావింటి నుంచి లేచేటప్పుడు ఎవరూ వెళ్ళొస్తానని చెప్పరు, మాట్లాడకుండా లేచి వచ్చేస్తారు. హైమవతి మాత్రం, మాటల్లో కుక్కల తిండి ఖర్చు సంగతి రాగానే అమ్మకం పెడదామంది, తేదీ ఒప్పించింది, “అయితే పద్దెనిమిదిన వస్తాను మల్లీ” అని చెప్పి మరీ లేచింది. ఆ అమ్మకం బ్రహ్మాండంగా జరిగింది. చావింట్లో కూడా తేదీ తెచ్చుకోవచ్చని, పనిలోకి కొత్తగా చేరినవాళ్ళకి ఆ సంగతి గొప్పగా చెప్పేది. ఏం మనిషమ్మా!

“మల్లీ, ఆదివారం మీ ఇంటికి రానా?” అంది ఫోన్లో.

అవతల కుక్కలు అరుస్తున్నాయి. “రావద్దులే హైమా, నీకెందుకు శ్రమ? నా పేరు మీద రెండు డబ్బాలు రాసుకో, డబ్బులు ఇప్పుడే పంపిస్తాను” అంది మల్లీశ్వరి. కోపంగా కాదు, మర్యాదగానే అంది. “అది కాదే...” అనేలోపే ఫోను పెట్టేసింది. కాసేపట్లో డబ్బులూ వచ్చి పడ్డాయి. తను ఆ ఇంటికి రాకుండా ఉండడానికి స్నేహితురాలు డబ్బిస్తోందని హైమవతికి అప్పుడర్థమైంది. భర్త పోయినప్పుడు కూడా తన ఇల్లు అంత ఖాళీగా అనిపించలేదు.

వారం తిరక్కుండానే పిన్నిగారి దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది. చావింటి తేదీ సంగతి కూడా దాచుకోలేదు. “నాకు తేదీ దొరకలేదు పిన్నిగారూ” అని కళ్ళు తుడుచుకుంది.

త్రిపురాంబగారు “వాళ్ళమ్మ ఏ జబ్బుతో పోయింది?” అని అడిగారు.

ఆ తల్లి హాస్టల్‌కి సున్నుండలు పంపిస్తే, మల్లీశ్వరి కన్నా ముందు మూత తీసేది హైమవతే. కానీ ఆవిడ ఎలా పోయిందో తెలియదు. ఆ రోజు అడగనేలేదు.

“తెలీదండీ” అంది, తల వంచుకుని.

“అయితే నువ్వింకా పరామర్శకి వెళ్ళలేదు” అన్నారు త్రిపురాంబగారు. “వెళ్ళు. లేచేటప్పుడు మాత్రం ఏమీ చెప్పకు.”