అడ్డాకుల వానతొడుగు

పొగకోన అడవిలో కొండలు మేఘాల్లో పుట్టి మేఘాల్లోనే పెరిగినట్టు ఉంటాయి. ఆ అడవిలో కణుజులనే పెద్ద జింకలు, దుప్పులు, కుందేళ్ళు, ఎలుగుబంట్లు ఉండేవి. ఒక రాతిగుహలో రేచుకుక్కల గుంపు ఉండేది. ఎర్రటి ఒళ్ళు, నల్లటి కుచ్చుతోకలు గల ఆ అడవి కుక్కలు కలిసే వేటాడేవి, కలిసే తినేవి.

గుంపుకు నాయకుడు కెంజాయ. అతనంత వేగంగా పరిగెత్తేవాడు ఆ కోనలో లేడు. ఆ సంగతి అతనికి కొంచెం ఎక్కువగానే తెలుసు. అతని చెల్లెలు రేల. ఆమె తక్కువ మాట్లాడేది. దేన్నయినా ఒకటికి రెండుసార్లు వాసన చూస్తేగాని ముట్టేది కాదు.

ఒక ఏడు వాన వచ్చింది, తిరిగి వెళ్ళడం మరిచిపోయింది. పగలు కూడా సాయంత్రంలాగే ఉండేది. దగ్గరికి వెళ్తే చెట్లు కనిపించేవి, దాటగానే మంచులో కరిగిపోయేవి. వాన ఆకుల మీద ఒకలా, రాళ్ళ మీద ఒకలా, నీళ్ళ మీద ఇంకోలా పాడేది. వింటూ ఉంటే మెలకువగా ఉన్నామో, కల కంటున్నామో తెలిసేది కాదు.

కాని ఆకలికి పాటలు పట్టవు. రేచుకుక్కలు తడిసి తడిసి జలుబు తెచ్చుకున్నాయి. మాటు వేసిన ప్రతిసారీ ఏదో ఒక కుక్క దగ్గేది. దుప్పి చెవులు నిక్కించి మంచులోకి మాయమయ్యేది. అలా నాలుగు రోజులు గడిచాయి.

గుహలో కెంజాయ భార్య గోరింట నలుగురు పిల్లలకు పాలు ఇస్తోంది. తిండి లేక ఆమె పాలు తగ్గిపోయాయి. మొదట పిల్లలు ఏడ్చారు. తర్వాత ఏడవడం కూడా మానేశారు. ఆ నిశ్శబ్దం చూసి కెంజాయకు మొదటిసారి భయం వేసింది.

కోన చివర జలపాతం పక్కన సన్నక్క అనే పిట్ట ఉండేది. ఆకులను నారతో కుట్టి గూడు కట్టే పిట్ట ఆమె. జంతువులకు వానతొడుగులు కూడా కుట్టి ఇస్తుందని అందరూ చెప్పుకునేవారు. కెంజాయ, రేల ఆమె దగ్గరికి వెళ్ళారు. ముందు మీరు వాడి చూడండి, బాగుంటే మేమూ తెచ్చుకుంటాం అని గుంపులో వేటకు వెళ్ళే మిగిలిన ముగ్గురూ ఆగిపోయారు.

సన్నక్క దగ్గర మూడు తొడుగులు ఉన్నాయి. ఒకటి ఎండిన అడవిదున్న తోలు. రెండోది పెద్ద పెద్ద టేకాకులది. మూడోది విస్తళ్ళు కుట్టే అడ్డాకులది. దాని కుట్ల మీద తేనెమైనం పూసి ఉంది. పలచగా, ముదురు ఆకుపచ్చగా, చూపు ఆనని విధంగా ఒక మూల వేలాడుతోంది.

కెంజాయ నేరుగా దున్నతోలు దగ్గరికి వెళ్ళాడు. అది కప్పుకోగానే అతని భుజాలు రెండింతలు అయినట్టు కనిపించాయి. పక్కన నీటిగుంటలో తన నీడను చాలాసేపు చూసుకున్నాడు.

సన్నక్క ఉన్న మాట చెప్పింది. "నాయనా, ఇది ఎండి ఉన్నప్పటి బరువు. తడిస్తే ఎంత అవుతుందో నేను చెప్పలేను. నువ్వు ఎక్కడికి వెళ్తావు? నిలబడి ఉంటావా, పరిగెత్తుతావా?"

కెంజాయకు ఆ ప్రశ్నలు నచ్చలేదు. దున్న ఒంటిని కాచిన తోలు తనను కాయదా అన్నాడు.

రేల మాత్రం తొందరపడలేదు. టేకాకుల తొడుగు వేసుకుని నాలుగు అడుగులు వేసింది. ఆకులు గలగలమన్నాయి. ఈ చప్పుడుకు కుందేలు కూడా ఆగదని దాన్ని విప్పేసింది. తర్వాత అడ్డాకుల తొడుగు వేసుకుని జలపాతం తుంపర్ల కింద కూర్చుంది. పాకింది. దూకింది. ఒక పక్కకు దొర్లింది. చివరికి విప్పి, తన కడుపు కింద బొచ్చును నాలుకతో తాకి చూసుకుంది. పొడిగా ఉంది. తొడుగు నోట కరిచి ఎత్తితే, వేసుకోకముందు ఎంత బరువుందో ఇప్పుడూ అంతే ఉంది.

కెంజాయ నవ్వాడు. "ఆకులు కట్టుకుని వేటకు వెళ్తే కణుజులు పారిపోవు చెల్లీ, వెంటపడి నిన్ను మేస్తాయి."

"మేయడానికి దగ్గరికి వస్తే మంచిదే కదా అన్నా," అంది రేల.

మర్నాడు పొద్దున్నే వేటకు బయలుదేరారు. మంచు తెల్లటి దూదిలా లోయను నింపింది. దానిలోంచి ఒక కణుజు తల, కొమ్ములు మాత్రమే తేలుతున్నట్టు కనిపించాయి. వాగు ఒడ్డున అది గడ్డి మేస్తోంది.

కెంజాయ పరుగు అందుకున్నాడు. కాని దారి పొడుగునా తోలు నీళ్ళు తాగింది. అంచులు నేలకు సాగాయి. ప్రతి అడుగుకూ అది డొక్కలకు కొట్టుకుంది. ఎప్పుడూ అందరికంటే ముందుండే కెంజాయ వెనకపడ్డాడు. ముగ్గురు తోటివాళ్ళు అతన్ని దాటిపోయారు. అప్పుడైనా తోలు విప్పేస్తే సరిపోయేది. అందరూ చూస్తుండగా విప్పడం అతనికి చిన్నతనం అనిపించింది.

కణుజు వాగు దూకింది. కెంజాయ కూడా దూకాడు. రోజూ దూకే వాగే అది. ఈసారి మాత్రం అవతలి ఒడ్డు అందలేదు. నడుమ నీళ్ళలో పడ్డాడు. తోలు కిందికి నీరు చేరి, అతన్ని బండరాయిలా అడుగుకు లాగేసింది.

అప్పటికే రేల ఒక్కతే అవతలి ఒడ్డున ఉంది; మిగిలిన ముగ్గురూ దగ్గుతూ ఇవతలే ఆగిపోయారు. కణుజు ఆమెకు రెండు దూకుల దూరంలో అలిసి నిలబడింది. గుహలోని పిల్లలు ఆమె కళ్ళ ముందు మెదిలారు. నీళ్ళలో అన్న తల ఒకసారి తేలి మునిగింది. రేల కణుజును వదిలేసి వాగులోకి దూకింది.

అడ్డాకుల తొడుగు నీటిని పట్టుకోలేదు. రేల తేలికగా ఈదుకుంటూ అన్నను చేరి, తోలు కట్టిన నారను పళ్ళతో కొరికింది. తోలు విడిపోయి, పెద్ద నల్లచేపలా దొర్లుకుంటూ మంచులోకి కొట్టుకుపోయింది. కెంజాయను ఒడ్డుకు లాగేసరికి అతని ముందరికాలు రాయికి నలిగి వాచింది.

కెంజాయ కళ్ళు తెరిచి మొదట కణుజు ఏదని అడిగాడు. పోయిందని విని మొహం తిప్పుకున్నాడు. "నా గొప్పకు నా పిల్లలే పస్తులుండాలా?" అన్నాడు మెల్లగా.

రేల ఒళ్ళు దులుపుకుంది. తొడుగు కింద బొచ్చు పెద్దగా తడవకపోవడంతో ఆమెకు వణుకు రాలేదు, దగ్గు రాలేదు. ముగ్గురు తోటివాళ్ళను వెదురుపొద వెనక నిలబడమంది. తను ఒంటరిగా లోయ చుట్టూ తిరిగి వెళ్ళింది. మధ్యాహ్నం దాకా వానలో ఒక పొదలాగా కదలకుండా కూర్చుంది. దుప్పుల మంద ఆమె పక్కనుంచే నడిచి వచ్చింది. ఒక బలిసిన పోతుదుప్పి ఆమెకు అందేంత దగ్గరికి వచ్చింది. రేల లేచి దాన్ని వెదురు వైపు తరిమింది. అక్కడ ఉన్న ముగ్గురూ దాన్ని పడగొట్టారు.

ఆ సాయంత్రం గోరింట కడుపునిండా తింది. కాసేపటికి పిల్లలు పాలకోసం ఒకరినొకరు తోసుకుంటూ గోల మొదలుపెట్టారు. కెంజాయ కుంటుకుంటూ వచ్చి ఆ గోల పక్కనే పడుకున్నాడు. తన కాలు నయమయ్యాక కూడా వేటలో ముందు రేల నడుస్తుందని గుంపుకు చెప్పాడు. బయట కొండలు ఒక్కొక్కటిగా మబ్బులో నిద్రపోయాయి.

నీతి: వస్తువును అది ఇచ్చే హంగు చూసి కాదు, చేయవలసిన పనిలో పరీక్షించి ఎంచుకోవాలి.