కొంగ రెండో కాలు

ఒకప్పుడు కొంగలన్నీ మనలాగే రెండు కాళ్ల మీద నిలబడేవి. ఒంటికాలి మీద నిలబడమంటే నవ్వేవి. ఉన్న రెండోదాన్ని దాచుకోవడం ఎందుకు, ఎవరైనా ఎత్తుకుపోతారా అనేవి.

ఆ రోజుల్లో కొల్లేట్లో తెల్లాయి అని ఒక పడుచు కొంగ ఉండేది. ఒకనాడు గాలివాన దాన్ని గూట్లోంచి విసిరి నీళ్లలో కొట్టింది. తలకి దెబ్బ తగిలింది. లేచి చూస్తే కొల్లేరంతా గిరగిరా తిరుగుతోంది. కొల్లేరు ఉన్నచోటే ఉంది. పాపం, తిరుగుతున్నది తెల్లాయి తల.

లేస్తే పడడం, అడుగు వేస్తే పడడం. దాన్ని చూసి చేపలు కూడా పారిపోవడం మానేశాయి. చోద్యం చూస్తూ ఉండిపోయేవి.

మందకి పెద్దదైన పెద్దమ్మ కొంగ వచ్చి చూసింది. "నీళ్లు తగ్గగానే మనం వేరే చోటికి పోవాలే తల్లీ. నిలబడలేనిదానివి ఎగరగలవా? అప్పటికి కాళ్లు కుదిరితే సరి. లేకపోతే..." అని మిగతా మాట మింగేసింది.

మింగిన మాట తెల్లాయికి తెలుసు. ఒంటరి కొంగని నక్క ఎన్నాళ్లు బతకనిస్తుంది?

అలా ఏడుస్తూ కూర్చుంటే రెల్లు కొస మీద ఒక ముసలి తూనీగ కనిపించింది. ఏడుపు ఏడుపే, ఆకలి ఆకలే. తెల్లాయి ముక్కు చాచింది. చాచినట్టే బురదలో పడింది.

"నన్ను తిందామనుకున్నావా?" అంది తూనీగ.

"అవును తాతా."

"నిజం చెప్పావు కాబట్టి వైద్యం చేస్తా. లే."

నిలకడ తప్పినవాళ్లందరికీ ఆ తాతే దిక్కు. గాల్లో కదలకుండా ఆగగలిగేది ఆయనొక్కడే మరి.

"పీతకి నడక నేర్పింది నువ్వేనటగా?" అంది తెల్లాయి. "అది పక్కకి నడుస్తోందే."

"సగం వైద్యంలో వెళ్లిపోయింది. నువ్వలా చెయ్యకు."

తాత ఎగిరొచ్చి దాని ముక్కు చివర కూర్చున్నాడు. ఒళ్లు ఏ కాస్త ఊగినా ఆయనకి అక్కడ తెలిసిపోతుంది. "కాళ్లు దగ్గర పెట్టు. బాగుంది. ఇప్పుడు కళ్లు మూసుకో."

మూసింది. పడింది.

"ఒంటిని నిలబెట్టేవి మూడు," అన్నాడు తాత. "కళ్లు, అరికాళ్లు, చెవి లోపలుండే చుక్క నీరు. నీకా చుక్క బెదిరిపోయింది. కళ్లు మూస్తే ఇక అరికాళ్లే మిగిలాయి. వాటికి ఒంటరిగా పని చెయ్యడం రాదు. నేర్పాలి."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"నెల." తాత కాసేపు ఏదో ఆలోచించాడు. "నెలంటే చాలా ఎక్కువే."

"నీ వయసెంత తాతా?"

"నలభై రోజులు."

తెల్లాయి పకపకా నవ్వి మళ్లీ పడింది.

ఇక రోజూ సాధనే. రెల్లు పువ్వు మీంచి చూపు తిప్పకుండా తలని అటూ ఇటూ ఆడించడం. గట్టు అంచున పాదం ముందు పాదం వేసి నడవడం. మెత్తటి బురదలో నిలబడడం. తాత ముక్కు మీంచి ఎగిరిపోతే ఊగినట్టు, కూర్చునే ఉంటే నిలిచినట్టు. మొదట్లో తాతకి కూర్చునే యోగమే లేదు. రాన్రానూ ఆయన అక్కడే కునుకు తీసేవాడు.

ఒక పొద్దున మంచులో తాత మెల్లగా వచ్చాడు. రెక్క అంచు చిరిగింది.

"ఇది ఆఖరి పరీక్ష. ఒక కాలు ఎత్తు. కళ్లు మూసుకో. నేనొచ్చి ముక్కు మీద కూర్చునేదాకా కాలు దించకు."

"ఎక్కడికెళ్తున్నావు?"

"ఇప్పుడే వస్తా."

తెల్లాయి కాలెత్తింది. కళ్లు మూసింది. లోకం తిరగలేదు. ఒక్క పిసరు కూడా తిరగలేదు. ఆ సంగతి తాతకి చెబుదామని ముక్కు కదపకుండా ఎదురుచూసింది.

తాత దాని కాలికి బారెడు దూరంలో, రెల్లు మొదట్లో, నీళ్ల మీద తేలుతున్నాడు. కళ్లు మూసుకున్నదానికి ఏం తెలుస్తుంది?

మధ్యాహ్నానికి మంద బయల్దేరింది. "బాగయ్యావు కదే, పద," అంది పెద్దమ్మ.

"తాత రాలేదు పెద్దమ్మా. కాలు దించితే పరీక్ష పోతుంది."

పెద్దమ్మ నీళ్ల వైపు చూసింది. చెప్పబోయింది. ఆ తిన్నటి ముక్కుని చూశాక నోరు రాలేదు. మంద వెళ్లిపోయింది.

సాయంత్రానికి గాలికి కదిలిన నీళ్లు తాతని ఎటో తీసుకుపోయాయి. నక్క వచ్చింది. ఎవరో పాతిన కర్ర అనుకుని పోయింది. నీళ్లు తగ్గాయి, మళ్లీ వచ్చాయి. కాలి దగ్గరికి వచ్చిన చేపని తినడానికి మాత్రం తెల్లాయి కళ్లు తెరిచేది. కాలు మాత్రం దించలేదు. ఎన్నో తూనీగలు వచ్చిపోయాయి. ఒక్కటీ ముక్కు మీద వాలలేదు.

వానలకి మంద తిరిగొచ్చింది. చిక్కి పుల్లయిన తెల్లాయి అక్కడే ఉంది.

"ఇంకా రాలేదా?" అంది పెద్దమ్మ.

"దారి మర్చిపోయాడేమో. ముసలాడు కదా."

పెద్దమ్మ నీళ్లలోకి దిగింది. "ఇంత కొల్లేట్లో నీ ఒక్క ముక్కు ఆయనకేం కనిపిస్తుందే పిచ్చిదానా," అని, పక్కకొచ్చి తనూ ఒక కాలు ఎత్తింది. ఆవిణ్ని చూసి పక్కది ఎత్తింది. దాన్ని చూసి మందంతా.

అప్పటినుంచే కొంగలు ఒంటికాలి మీద, ముక్కు కదపకుండా నిలబడుతున్నాయి. దొంగజపం అని మనం నవ్వుతాం. తూనీగ దొరికితే తింటాయి లెండి, ఎంతైనా కొంగలు. కానీ ముందొకసారి, ముక్కు మీద వాలుతుందేమోనని, ఆగి చూస్తాయి.