పెద్దాయన విరామాలు

ఉదయం తొమ్మిదింబావుకు ఆస్థాన వాద్యకారుడు తన కొయ్య ఫ్లూటుకు బాదంనూనె పట్టిస్తున్నాడు. రాజుగారి కబురు వచ్చింది. పెద్దాయన విగ్రహానికి దండ వేస్తున్నారట, పెద్దాయన రచన వాయించాలట.

పెద్దాయన అంటే ఎప్పుడో చనిపోయిన మహా విద్వాంసుడు. ఆ రచన మాత్రం ఆయనది కాదు, ఈ వాద్యకారుడిదే. సొంత పేరుతో వినిపించినప్పుడు సభలో సగం మంది విగ్గులు సర్దుకున్నారు, మిగతా సగం నిద్రపోయారు. పెద్దాయన పాత పెట్టెలో దొరికిందని చెప్పి అదే వాయిస్తే రాజుగారు కళ్ళు తుడుచుకున్నారు.

ఆస్థాన సంగీత పండితులైన ఆచార్యులవారు ముఖ్యంగా విరామాలను మెచ్చుకున్నారు. "నాలుగు స్వరాలు, ఒక నిశ్శబ్దం. అది మృత్యువుతో సంభాషణ. బతికున్నవాడెవడూ అలా రాయలేడు" అన్నారు.

వాద్యకారుడికి ఆయాసం. ఊపిరి అందని చోటల్లా ఆగేలా రాసుకున్నాడు.

కొన్నాళ్ళకు రాజ్యంలో పహిల్వాన్ల లాంటి వాద్యకారులు కూడా నాలుగు స్వరాలకోసారి ఆగి, పైకప్పు వైపు చూడసాగారు. ముచ్చటపడ్డ రాజుగారు మన వాద్యకారుడికి తన సొంత వైద్యుణ్ణి పంపారు. కషాయాలతో ఆయాసం పోయింది. దాంతోపాటు ఓర్పు కూడా పోయినట్టుంది. కబురొచ్చిన ఆ ఉదయం, విగ్రహానికి దండ పడుతుండగా అతను ముందుకొచ్చాడు.

"ప్రభూ, అది నేను రాసింది. నా పేరు నాకిప్పించండి."

"నీదా? ఇన్నాళ్ళూ నోరెందుకు మెదపలేదు?"

"నా పేరు చెప్పినప్పుడు తమరు గురక పెట్టారు ప్రభూ."

రాజుగారు ఆచార్యుల వైపు చూశారు.

"ఇప్పుడే తేలుస్తాను" అన్నారు ఆచార్యులు. "ఏమయ్యా, ఇక్కడికిక్కడ కొత్తదొకటి కట్టి వినిపించు. ఆ విరామాలు పలికితే పేరు నీది. లేదా, దేశం వదిలిపో."

"అవి విరామాలు కావండీ, నా ఆయాసం."

"విన్నారా ప్రభూ! పెద్దాయన నిశ్శబ్దాన్ని తీసుకెళ్ళి దగ్గులో కలిపేశాడు!"

వాద్యకారుడు ఫ్లూటు ఎత్తాడు. జన్మలో ఎన్నడూ అంత బాగా వాయించలేదు. మధ్యలో ఎక్కడో ఆగాలని గుర్తొచ్చింది గానీ, ఆగాల్సిన అవసరమే కలగలేదు. ముగించేసరికి సభంతా నోరు తెరుచుకుని ఉంది.

"ఒక్క విరామం లేదు" అన్నారు ఆచార్యులు.

మూల కూర్చున్న వైద్యుడు ఒక్కడే గర్వంగా తలాడించాడు.

వాద్యకారుడు సాయంత్రానికి సరిహద్దు ఏరు దాటాడు. కబురు అతనికంటే ముందే దాటింది. ఊపిరి పీల్చకుండా వాయించినందుకు ఎవరినో వెళ్ళగొట్టారని అవతలి ఊళ్ళన్నీ చెప్పుకుంటున్నాయి.

అతను దిగిన సత్రంలో భోజనాల వేళ స్థానిక ఫ్లూటు విద్వాంసుడు లేచాడు. "ఏటికవతల అన్యాయమైపోయిన మహానుభావుడి రచన" అంటూ మన వాద్యకారుడి పేరు స్పష్టంగా పలికాడు. తర్వాత మొహం వంకాయ రంగుకు తిరిగేదాకా ఒక్క విరామం లేకుండా వాయించాడు. జనం విస్తళ్ళ ముందు నుంచి లేచి మరీ చప్పట్లు కొట్టారు.

వాద్యకారుడు ఆ రచన ఎన్నడూ వినలేదు. అయినా తన పేరు విన్నప్పుడే లేచి నిలబడ్డాడు.

"కూర్చోవయ్యా" అన్నాడు సత్రం యజమాని, "వెనకవాళ్ళకు కనపడొద్దూ?"

కొన్ని రోజుల తర్వాత తెలిసింది. ఆ విద్వాంసుడు కిందటేడు అదే రచనను, అదే సత్రంలో, సొంత పేరుతో వినిపించాడట. ఎవరూ విస్తరి ముందు నుంచి లేవలేదట.