కుసుమాంబ కంప్యూటరులో ఖాళీ చోటు

అడిగిన ప్రశ్నకి నోటితో జవాబు చెప్పే అలవాటు దైవసహాయం మాస్టారికి లేదు. ఒంగోలు బస్టాండు వెనక సందులో, ఒక మేడమీది గదిలో, పాత కంప్యూటర్లు బాగుచేయడం నేర్పుతారాయన. ఒకప్పుడు రేడియోలు, తర్వాత టీవీలు బాగుచేసిన చెయ్యి. శిష్యుడు ఏదైనా అడిగితే టంకం కడ్డీ పక్కన పెట్టి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "ఫలానా చోటికెళ్లి కాసేపు కూర్చునిరా" అంటారు. వెళ్లినవాడు జవాబుతో తిరిగొస్తాడు, లేకపోతే అసలు తిరిగి రాడు. రెండూ ఆయనకి సమ్మతమే. మైకు ముందు వేదాంతం చెప్పి దండలు వేయించుకునే గురువులకి ఈ పద్ధతి నచ్చకపోవచ్చు. వాళ్లకి నచ్చాలని ఆయన ఏ పనీ చేసినవారు కాదు.

నిఖిలేష్ ఆయన శిష్యుల్లో చురుకైనవాడు. తను చురుకైనవాడినని తనకి బాగా తెలిసినవాడు కూడా. చుట్టుపక్కల బడుల్లో మూలుగుతున్న పాత కంప్యూటర్లన్నిటికీ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేసే పని వాడికి దక్కింది. సంతకం పెట్టబోయే ముందు మేడెక్కి వచ్చాడు.

"మాస్టారూ, పాత మిషను కొత్త సిస్టమ్‌ని పూర్తిగా మోస్తుందా?"

"నీకేమనిపిస్తోంది?"

"మోస్తుంది. ఏమేం ఉండాలని కంపెనీవాళ్లు రాశారో అవన్నీ ఉన్నాయి. మెమొరీ సరిపోతుంది. డిస్కులో కాస్త చోటు చేస్తే చాలు. ఆన్ అయిందంటే మోసినట్టే కదండీ!"

"అంతా తెలిసినవాడివి నన్నెందుకడుగుతున్నావు?"

"మీరు కూడా ఒక మాట అంటే ధైర్యం."

"మాటలు నా దగ్గర లేవురా. కుసుమాంబ మిషనుకి కొత్త సిస్టమ్ వేసింది నువ్వే కదూ?"

"నేనే మాస్టారూ, పోయిన నెల. సూపరుగా నడుస్తోంది."

"ఎవరు చెప్పారు?"

"వేసిన రోజు నేనే చూశాను కదా."

"పెళ్లిపందిట్లో పిల్లని చూసి కాపురం బాగుందన్నట్టుంది. పో. ఆవిడ కొట్లో ఒక పూట కూర్చునిరా. ఏమీ ముట్టుకోకు."

కుసుమాంబది డీటీపీ కొట్టు. కార్డులకీ కరపత్రాలకీ కంప్యూటర్లో అక్షరాలు కొట్టి, పేజీ కట్టి, ప్రెస్సుకి పంపే పని. పెళ్లికార్డులు ఎవరైనా చేస్తారు. పెద్దకర్మ కార్డులకి మాత్రం ఊరు ఊరంతా ఈవిడ దగ్గరికే వస్తుంది. మిగతా కొట్లలో చావుకి ఒకే అచ్చు ఉంటుంది, పేరూ తేదీ మార్చి వదులుతారు. పోయినవాడు పుణ్యాత్ముడైనా, పెళ్లాన్ని కొట్టి చంపినంత పని చేసినవాడైనా "స్వర్గస్థులైనారని తెలుపుటకు చింతించుచున్నాము" అనే. కుసుమాంబ అట్లా ఊరుకోదు. వచ్చినవాళ్లని బల్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, "ఏం తినేది మీ అమ్మ? ఎవర్ని తిట్టేది? ఏం చూస్తే భయపడేది?" అని అడుగుతుంది. వాళ్లు ఏడుస్తూ మొదలుపెట్టి, చెప్తూ చెప్తూ నవ్వేస్తారు. అప్పుడు ఫొటో కింద నాలుగు మాటలు రాస్తుంది. "చిల్లర లేదని ఏ ముసలమ్మనీ బస్సు దింపని కండక్టరు" అని ఒకాయనకి. "కోపిష్టి. అన్నం దగ్గర మాత్రం ఎవర్నీ కసరలేదు" అని ఇంకొకాయనకి. అంతే, ఆ మనిషి లేచి వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది.

ఇన్ని చావులకి ఇన్ని మాటలు రాసిన మనిషిని రచయిత్రి అని ఎవరూ అనలేదు. శాలువా తామే కొనిచ్చి సన్మానం చేయించుకునేవాళ్లకి పంచేసరికే ఆ బిరుదు అయిపోయినట్టుంది, ఈవిడ దాకా రాలేదు.

చావు కార్డుని మన ఇళ్లల్లో ఎవరూ దాచుకోరు. చేతికందగానే గుమ్మం బయటే నిలబడి చదివి, చించి పారేస్తారు. లోపలికి తెస్తే అరిష్టం. పోయినవాళ్ల కొడుకులూ కోడళ్లూ కూడా మిగిలిన కార్డుల్ని ఆ రోజుతోనే వదిలించుకుంటారు. కాబట్టి కుసుమాంబ రాసిన మాటలు నిలిచి ఉన్న చోటు ఊరు మొత్తానికీ ఒక్కటే. అది ఆవిడ పాత కంప్యూటరు.

ఆ కంప్యూటరు పోయిన నెల దాకా రోజూ పొద్దున్నే ఆవిణ్ణి భయపెడుతూ వచ్చింది. ఈ పాత సిస్టమ్‌కి ఇక రక్షణ ఉండదు, మీ సమాచారం ప్రమాదంలో ఉంది, వెంటనే కొత్తది వేసుకోండి అని తెర మీద హెచ్చరిక. చూసీ చూసీ నిఖిలేష్‌ని పిలిపించింది. "ఏమీ పోవు కదా నాయనా?" అని అడిగింది. "ఏమీ పోవాంటీ, నాది పూచీ" అన్నాడు వాడు. సాయంత్రానికల్లా తెర మీద నీలం కొండలూ సరస్సూ వచ్చి స్వాగతం పలికాయి. అరచేతిలో ఫోనంత నున్నగా ఉంది. తెలుగులో ఆవిడ పేరు కొట్టి చూపించాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. వాడి పరీక్ష అంతటితో ముగిసింది.

మాస్టారు చెప్పారని వాడు వెళ్లేసరికి కుసుమాంబ ఆ నీలం కొండల ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునుంది. కొట్లో వేరే మనిషి లేడు.

"వచ్చావా బాబూ! ఫోను ఎత్తవేం? నేనేమన్నా పిల్లనిస్తానంటున్నానా, అట్లా తప్పించుకు తిరుగుతున్నావు?"

"బిజీ ఆంటీ."

"బిజీగానే ఉండు నాయనా, అందరూ నాలాగా కూర్చుంటే ఎట్లా? ఇదిగో, నా వేళ్లు నావి కాకుండా పోయాయి. పాతదాంట్లో కళ్లు మూసుకుని కొట్టేదాన్ని. ఇప్పుడు 'అ' కోసం వెతుక్కోవాల్సొస్తోంది. పోనీ, అది నేర్చుకుంటాలే. పాత పేజీలు మాత్రం ఒక్కటీ కనపడ్డం లేదు." మిషను వెనక గుచ్చి ఉన్న బొటనవేలంత ముక్కని చూపించింది. పాత తెలుగు ప్రోగ్రాము ఆ ముక్క ఉంటేనే నడుస్తుంది, దాన్ని లాక్ అంటారు. "దీన్ని కొత్త సిస్టమ్ పట్టుకోవడం లేదు. అందుకే కనపడ్డం లేదు. ఇది పట్టుకుందంటే అన్నీ తెరుచుకుంటాయి. వచ్చినవాళ్లకల్లా అదే చెప్తున్నా, ఆగండీ, ఉన్నాయీ అని. ఎన్నాళ్లాగుతారు? చావులాగుతాయా?"

నిఖిలేష్ ఏదో అనబోతుండగా గుమ్మంలో ఒక మనిషి నిలబడ్డాడు. మాసిన గడ్డం, భుజాన తువ్వాలు. పేర్నమిట్ట వైపు రైతు, సాంబిరెడ్డి. తల్లి పోయింది. పెద్దకర్మ కార్డు సాయంత్రం ప్రెస్సుకి వెళ్లాలి.

"అక్కా, మా నాయన కార్డు మీరే రాశారు. అమ్మది కూడా దాని పక్కనే కావాల. ఒకే కార్డు మీద ఇద్దరూ. నాయనకి రాసిన మాటలు అట్టే ఉంచి, అమ్మకి తగ్గట్టు మీరే రాయండి."

"రాస్తాలే తమ్ముడూ, కూర్చో. నాన్నకేం రాశానో నీకు గుర్తుందా?"

సాంబిరెడ్డి కూర్చోలేదు. "లేదక్కా. అదే కదా మా ఏడుపు. అమ్మకి చదువు రాదు. అప్పుడు ఆ కార్డు ఎవరొచ్చినా చేతికిచ్చి చదివించుకునేది. ఇంట్లో ఉండకూడదని మా మేనమామ చించేశాడు. మొన్న మంచాన పడి, 'మీ నాయన గురించి ఏం రాశార్రా ఆయమ్మ, చెప్పు' అని అడగతా ఉంది. నాకు గుర్తు రాదు, మా ఆడోళ్లకి గుర్తు రాదు. అడగతానే పోయింది. కార్డు మీదన్నా ఉండాల."

"నాకూ గుర్తుండదు నాయనా. ఒక్కో చావూ తలలో పెట్టుకుంటే నాకు ముద్ద దిగదు. అయినా ఉంది. దీంట్లో ఉంది." కుసుమాంబ నిఖిలేష్ వైపు తిరిగింది. "ఈ అబ్బాయే కొత్త సిస్టమ్ వేసింది. తీసిస్తాడు."

ఏమీ ముట్టుకోకు అన్న మాస్టారి మాట మరిచిపోయి వాడు కుర్చీ లాక్కున్నాడు. లాక్ తీసి మళ్లీ గుచ్చాడు. వెతికాడు. డిస్కంతా వెతికాడు. మనవరాలి ఫొటోలు ఉన్నాయి, ఆవకాయ కలిపే వీడియో ఉంది, కరెంటు బిల్లులున్నాయి. వాడి మొహంలో చురుకు తగ్గింది.

"ఆంటీ, ఆ పాత తెలుగు ప్రోగ్రాము లేని మిషన్లో మీ పేజీ తెరిస్తే ఎట్లా కనిపిస్తుంది?"

"ఎట్లా ఏముంది? పిచ్చి ఇంగ్లీషులాగా ఉంటుంది. బ్రాకెట్లూ చుక్కలూ కొక్కేలూ. ఫాంటు వేస్తే మళ్లీ తెలుగైపోతుంది. డీటీపీవాళ్లందరికీ తెలుసు."

డీటీపీవాళ్లందరికీ తెలుసు. వాడికి తెలియదు. పాత తెలుగు అక్షరాలు కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరాల గూళ్లలో తలదాచుకుని బతికిన కాలం ఒకటుందని వాడికెవరూ చెప్పలేదు. కొత్త సిస్టమ్ చోటు చాలదన్న రోజున, మిషనులోని డిస్కు ఊడదీసి తన ల్యాప్‌టాప్‌కి తగిలించుకున్నాడు. ఫొటోలూ వీడియోలూ జాగ్రత్తగా పక్కకి తీశాడు. ఒక ఫోల్డరు మాత్రం లావుగా అడ్డం పడుకుని ఉంది. ఒక పేజీ తెరిస్తే తలాతోకా లేని అక్షరాలు. ఇంకొకటి తెరిచాడు, అదే తంతు. వైరస్ తినేసిందనుకున్నాడు. చెత్త కదా అని ఊడ్చేసి, ఆ చోట్లో కొత్తదాన్ని కూర్చోబెట్టాడు. తనకి చదవడం రానిదాన్ని చెత్త అనుకోవడం వాడొక్కడి తెలివేం కాదులెండి. చదువుకున్న ఇళ్లల్లో ముసలమ్మల మాటల్ని ఊడ్చింది కూడా ఇదే చీపురుతో.

"ఆంటీ, అది వైరస్ అనుకున్నా."

"ఏది?"

"చోటు చాల్లేదు. తీసేశాను."

కుసుమాంబకి వెంటనే అర్థం కాలేదు. "తీసేసి ఎక్కడ పెట్టావు?" అంది.

వాడు మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు.

"ఎక్కడ పెట్టావు నాయనా?"

సాంబిరెడ్డి గుమ్మంలోంచి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఇంకా చాలాసేపు పడతాదా అబ్బాయ్?"

పోయిన ఫైళ్లని తవ్వి తీసే ప్రోగ్రాము ఒకటి ఉంటే, వాడు అది కూడా నడిపించాడు. ఏమున్నాయి తీయడానికి? పాతవి పడుకున్న చోటంతా కొత్త సిస్టమ్ కాళ్లు చాపుకుని పడుకుంది. ఒక ఫొటో మూల వచ్చింది, ఎవరిదో చెవి, చెవికి దిద్దు. దాని కింద మాటలు లేవు. ఎవరి చెవో చెప్పగలిగినవాళ్లు అక్కడ లేరు.

కుసుమాంబ తిడుతుందని వాడు ఎదురుచూశాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆవిడ ఆ దిద్దు వంక చాలాసేపు చూసింది.

"చావు కార్డుని ఎవరైనా చించేసేదేరా. కానీ చదివి చించేవాళ్లు. నువ్వు చదవకుండా చించావు."

తర్వాత కుర్చీ తన వైపు లాక్కుని, కీబోర్డు మీద ఒక వేలు పెట్టి, "అమ్మ పేరు చెప్పు తమ్ముడూ" అంది. సాంబిరెడ్డి చెప్పాడు, వెంకాయమ్మ. ఆవిడ వేలు మొదటి అక్షరం కోసం కీబోర్డు ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లి, తిరిగొచ్చి, ఒక చోట ఆగింది. నొక్కింది. వేరేదేదో పడింది. చెరిపింది. మళ్లీ వెతికింది. ఎంత చెయ్యి! ఎందరి పేర్లు తడుముకోకుండా కొట్టిన చెయ్యి! ఒక్క ముసలమ్మ పేరు దగ్గర గుడ్డిదాని చెయ్యిలా తచ్చాడుతోంది.

సాంబిరెడ్డి కాసేపు చూశాడు. ఆ తర్వాత తువ్వాలు సర్దుకున్నాడు. "వద్దులే అక్కా. శ్రమపడమాక. బస్టాండు కాడ రెడీమేడ్‌వి ఉంటాయంట, పేరు వేసి ఇస్తారంట" అన్నాడు. ఆవిడ ఆగమనలేదు. ఏమని ఆపుతుంది? గుమ్మం దిగుతూ అతను మర్యాదకి చెప్పులు చప్పుడు కాకుండా నడిచాడు, చావింట్లోంచి వెళ్లేవాళ్లు నడిచినట్టు.

నిఖిలేష్ తిరిగి మేడెక్కేటప్పటికి మాస్టారు ఏదో బోర్డు మీద దుమ్ము దులుపుతున్నారు. జరిగిందంతా చెప్పాడు. ఏడ్చాడు కూడా. మాస్టారు దులపడం ఆపలేదు.

"మీకు ముందే తెలిసి పంపారా మాస్టారూ?"

"నాకేం తెలుసు? ఆ కొట్టు ముందు జనం కనిపించడం లేదని తెలుసు."

"ఆంటీకి ఏదన్నా చేద్దామండీ. ఆ పేజీలు రాబట్టే దారి మీకేమన్నా..."

మాస్టారు తల అడ్డంగా ఊపారు. దారి ఉండి చెప్పకపోవడం కాదు అది. వాడు అర్థం చేసుకుని మొహం తుడుచుకున్నాడు.

"అయితే నా ప్రశ్నకి ఇదే జవాబన్నమాట. పాతది కొత్తదాన్ని మోయలేదు. అంతేగా మాస్టారూ?"

దైవసహాయం మాస్టారు అప్పుడు తలెత్తి చూశారు.

"అదేమిట్రా, మోసిందిగా! పూర్తిగానే మోసింది. ఏం దింపేసి మోసిందో, పాపం, డబ్బాకేం తెలుసు?"